మిల్లీగ్రాముల్లో విటమిన్, గ్రాముల్లో మందు: నియాసిన్ పరిశోధన తేల్చిందేమిటి?

ఒళ్లు వంచి చేసే పని పెద్దగా లేని పురుషుడికి రోజుకు 14 మిల్లీగ్రాముల నియాసిన్, స్త్రీకి 11 మిల్లీగ్రాములు చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సులు చెబుతున్నాయి. కొలెస్ట్రాల్ తగ్గించడానికి డాక్టర్లు దశాబ్దాల పాటు రాసిన మోతాదు మాత్రం 1,500 నుంచి 3,000 మిల్లీగ్రాములు. అవసరానికి వంద రెట్లు దాటిన ఈ మోతాదులో నియాసిన్ చేసే పని వేరు. తిండిలో వచ్చే కొద్దిపాటి నియాసిన్ కణాల్లో శక్తి తయారీకి ముడిసరుకు అవుతుంది. గ్రాముల లెక్కన మింగితే కొవ్వు కణాల మీది ఒక గ్రాహకాన్ని (సంకేతాలు అందుకునే ప్రోటీన్‌ను) ప్రేరేపిస్తుంది, కాలేయంలో కొవ్వు తయారీని తగ్గిస్తుంది, చక్కెర నియంత్రణను చెడగొడుతుంది. ఈ రెండింటినీ కలగలిపి చూసినందువల్లే ‘విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది’ అన్న ధీమా పుట్టింది. ఈ విషయంలో ఆ ధీమాకు ఆధారం లేదు.

నియాసిన్ పేరుతో రెండు పదార్థాలు చలామణీలో ఉన్నాయి: నికోటినిక్ యాసిడ్, నికోటినమైడ్. విటమిన్‌గా రెండూ ఒకటే. మందుగా మాత్రం పొంతన లేదు. కొలెస్ట్రాల్ మీద పనిచేసేది, ఒంటికి మంటపుట్టించేది నికోటినిక్ యాసిడ్ మాత్రమే. ఈ తేడా గుర్తుంచుకోకపోతే నియాసిన్ పరిశోధనల్లో సగం అర్థం కావు.

విటమిన్‌గా చేసే పని

నియాసిన్ నుంచి శరీరం తయారుచేసుకునేది ఎన్ఏడీ అనే సహ ఎంజైమ్. గ్లూకోజ్ విరిగేటప్పుడు, కొవ్వు ఆమ్లాలు కాలేటప్పుడు విడుదలయ్యే ఎలక్ట్రాన్లను ఎన్ఏడీ పట్టుకుని మైటోకాండ్రియాకు చేరవేస్తుంది. దానికి ఒక ఫాస్ఫేట్ అదనంగా చేరితే ఎన్ఏడీపీ. కొత్త కొవ్వు కట్టడానికి, కణాల్లో ఆక్సీకరణ నష్టాన్ని సరిదిద్దడానికి అది కావాలి. ఎలక్ట్రాన్లు మోసే పనిలో ఎన్ఏడీ ఖర్చు కాదు, తిరిగి యథాస్థితికి వస్తుంది. మరి రోజూ విటమిన్ ఎందుకు? డీఎన్ఏ మరమ్మతు చేసే పార్ప్ ఎంజైములు, సర్టుయిన్లు, సీడీ38 అనే ఎంజైమ్ ఎన్ఏడీని ముక్కలు చేసి వాడుకుంటాయి. ఆ ముక్కల్లో ఒకటి నికోటినమైడ్. అందులో ఎక్కువ భాగాన్ని శరీరం తిరిగి ఎన్ఏడీగా మార్చుకుంటుంది. మిగిలినది కాలేయంలో మిథైల్ గుంపు తగిలించుకుని మూత్రంలో పోతుంది. రోజూ తిండితో పూడ్చాల్సింది ఆ లోటునే.

ఇంకో దారి కూడా ఉంది. ప్రోటీన్లలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కాలేయం సొంతంగా ఎన్ఏడీ తయారుచేస్తుంది. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌ను 1 మిల్లీగ్రాము నియాసిన్‌తో సమానంగా లెక్కగడతారు. పాలలో, గుడ్లలో నియాసిన్ తక్కువే అయినా అవి తినేవారికి లోపం రాకపోవడానికి కారణం ఇదే. ఈ మార్పిడికి బి2, బి6 విటమిన్లు కూడా కావాలి కాబట్టి, ఒక్క విటమిన్ లోపమే ఉన్న రోగి అరుదు.

లోపం ముదిరితే పెల్లాగ్రా. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు ఊడటం, విరేచనాలు, మతిస్థిమితం తప్పడం దాని లక్షణాలు. కణాలు వేగంగా మారే చర్మం, పేగులు ముందు దెబ్బతింటాయి. శక్తి మీద బాగా ఆధారపడిన మెదడుకూ ఆ దెబ్బ తగులుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇది అంటువ్యాధి అని నమ్ముతున్న కాలంలో, 1914 నుంచి జోసెఫ్ గోల్డ్‌బర్గర్ తిండి లోపమే కారణమని పట్టుబట్టి నిరూపిస్తూ వచ్చాడు. ఆ లోపించిన పదార్థం నికోటినిక్ యాసిడ్ అని 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వెజెమ్ కుక్కల నల్లనాలుక జబ్బును నయంచేసి చూపించాడు. అక్కడి పేదల ముఖ్యమైన తిండి మొక్కజొన్న. అందులో నియాసిన్ ఉన్నా చాలావరకు పిండి పదార్థానికి అతుక్కుని ఉంటుంది. సున్నపు నీళ్లలో ఉడికిస్తేనే విడివడుతుంది. మెక్సికోలో ఆ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. గింజ ఖండాలు దాటింది గానీ వండే పద్ధతి దానితో పాటు రాలేదు.

దక్కన్‌లో కథ వేరు. ఇక్కడ పెల్లాగ్రా వచ్చింది జొన్న తినేవాళ్లకు. జొన్నలో నియాసిన్ మరీ తక్కువేమీ కాదు, మొక్కజొన్నలో లాగా బిగుసుకుపోయీ ఉండదు, ట్రిప్టోఫాన్ కూడా అంత కొరత లేదు. అయినా జబ్బు ఎందుకు వస్తోంది? హైదరాబాద్ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ముందుకు తెచ్చిన జవాబు లూసిన్. జొన్న ప్రోటీన్‌లో ఈ అమైనో ఆమ్లం అధికం. అదనంగా లూసిన్ ఇచ్చినప్పుడు మూత్రంలో క్వినోలినిక్ ఆమ్లం పెరిగిందని వాళ్లు చూశారు. ట్రిప్టోఫాన్ నుంచి ఎన్ఏడీకి వెళ్లే దారిలో క్వినోలినిక్ ఆమ్లం ఒక మజిలీ. అది మూత్రంలో తేలిందంటే ఆ తర్వాతి మెట్టు దగ్గర అడ్డు ఉన్నట్టు. విటమిన్ బి6 ఇస్తే లూసిన్ ప్రభావం తగ్గుతుందని, లూసిన్‌కు, ఐసోలూసిన్ అనే మరో అమైనో ఆమ్లానికి మధ్య నిష్పత్తి కూడా లెక్కలోకి వస్తుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. విదేశీ ప్రయోగశాలలన్నీ ఈ ప్రతిపాదనను ఒప్పుకోలేదు. ఎలుకల మీద కొందరికి అదే ఫలితం రాలేదు. అయినా నియాసిన్ లోపాన్ని పళ్లెంలోని నియాసిన్ అంకెతోనే కొలవలేమని గట్టిగా చెప్పిన తొలి పరిశోధనల్లో ఇదొకటి. జొన్న ఒక్కటే తిండిగా ఉన్న కుటుంబాలకే ఈ ముప్పు. పప్పు, పాలు, గుడ్డు, పల్లీలతో కలిపి తినే జొన్నరొట్టె గురించి భయపడాల్సింది లేదు.

ఇప్పుడు పెల్లాగ్రా కనిపిస్తే ముందుగా అడగాల్సినవి మద్యం అలవాటు, దీర్ఘకాలపు పేగు జబ్బు, క్షయకు వాడే ఐసోనియాజిడ్. ఐసోనియాజిడ్ బి6ను పనిచేయనివ్వదు. దాంతో ట్రిప్టోఫాన్ దారి మూసుకుపోతుంది. తిండి కూడా అంతంతమాత్రంగా ఉన్న రోగిలో అంత చాలు. చికిత్స తేలిక: నికోటినమైడ్ రోజుకు 300 మిల్లీగ్రాములు, విడతలుగా, మూడు నాలుగు వారాలు, తోడుగా మిగతా బి విటమిన్లు. మానసిక లక్షణాలు ఒకటి రెండు రోజుల్లోనే తేరుకోవడం మొదలవుతుంది, చర్మానికి వారాలు పడుతుంది. ఇక్కడ నికోటినిక్ యాసిడ్ వాడితే ఒంటి మంట తప్ప అదనపు లాభం లేదు.

గ్రాముల మోతాదులో

1955లో కెనడాలో ఆల్ట్‌షుల్, హాఫర్, స్టీఫెన్ ఒక చిన్న పత్రం ప్రచురించారు. గ్రాముల మోతాదులో నికోటినిక్ యాసిడ్ రక్తంలో కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తోందని అందులో ఉంది. ఇప్పుడు కొలెస్ట్రాల్‌కు ప్రధానంగా వాడే స్టాటిన్ మందులు రావడానికి ఇంకా మూడు దశాబ్దాలు ఉన్న రోజులవి. ఎలా తగ్గిస్తోందన్న ప్రశ్నకు 1960లలో స్వీడన్‌లో లార్స్ కార్ల్‌సన్ ఒక ఆధారం చూపించాడు: మందు వేసిన కాసేపటికే రక్తంలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పడిపోతున్నాయి.

అది ఎలా జరుగుతుందో 2003లో తెలిసింది. కొవ్వు కణాల మీద జీపీఆర్109ఏ అనే గ్రాహకాన్ని మూడు పరిశోధన బృందాలు విడివిడిగా గుర్తించాయి. నికోటినిక్ యాసిడ్ దానికి అతుక్కుంటే కణంలో సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎంపీ తగ్గుతుంది, నిల్వ కొవ్వును కరిగించే లైపేజ్ మందగిస్తుంది, రక్తంలోకి కొవ్వు ఆమ్లాల రాక ఆగుతుంది. ఈ గ్రాహకం విటమిన్ కోసం పుట్టింది కాదు. ఉపవాసంలో కాలేయం తయారుచేసే బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్ అనే కీటోన్ దానికి సహజమైన జోడీ. కీటోన్లు మితిమీరకుండా కొవ్వు కరగడాన్ని తగ్గించే కళ్లెం అన్నమాట. తిండిలోని నియాసిన్‌తో ఆ గ్రాహకాన్ని కదిలించేంత సాంద్రత రక్తంలో రాదు.

ఇదే గ్రాహకం చర్మంలోనూ ఉంది. అక్కడి లాంగర్‌హాన్స్ కణాలు, కెరటినోసైట్లు అనే చర్మ కణాలు ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను విడుదల చేస్తాయి, రక్తనాళాలు విప్పారతాయి. మాత్ర వేసిన 15 నుంచి 30 నిమిషాల్లో ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి, దురదా మంటా మొదలై దాదాపు గంట సేపు ఉంటాయి. అరగంట ముందు ఆస్ప్రిన్ వేస్తే తగ్గేది ప్రోస్టాగ్లాండిన్ తయారీని అది ఆపుతుంది కాబట్టే. ఒకటి రెండు వారాలు క్రమం తప్పకుండా వాడితే ఈ మంట చాలామందిలో తగ్గిపోతుంది. మధ్యలో కొన్ని రోజులు మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇది అలర్జీ కాదు గానీ, మందు మానేసే వాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం మాత్రం ఇదే.

కొవ్వు ఆమ్లాలు తగ్గితే కాలేయానికి ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు తయారీకి ముడిసరుకు తగ్గుతుంది, కాబట్టి ఎల్‌డీఎల్ (‘చెడు కొలెస్ట్రాల్’) కూడా తగ్గుతుందని పాఠ్యపుస్తకాలు ఏళ్ల తరబడి రాశాయి. వినడానికి ఎంతో చక్కగా ఉంది. 2012లో అది వీగిపోయింది. జీపీఆర్109ఏను మాత్రమే ప్రేరేపించే వేరే మందులను మనుషులకు ఇచ్చి చూస్తే కొవ్వు ఆమ్లాలు పడిపోయాయి గానీ, నియాసిన్ చూపించే కొలెస్ట్రాల్ మార్పులు రాలేదు. ట్రైగ్లిజరైడ్ల కూర్పులో చివరి మెట్టైన డీజీఏటీ2 ఎంజైమును నియాసిన్ కాలేయంలోనే నేరుగా అడ్డుకుంటుందన్న వివరణకు దాంతో బలం వచ్చింది. దారి ఏదైనా అంకెలు మాత్రం ఆకర్షణీయమైనవే: ట్రైగ్లిజరైడ్లు 20 నుంచి 50 శాతం తగ్గుతాయి, ఎల్‌డీఎల్ 5 నుంచి 25 శాతం తగ్గుతుంది, హెచ్‌డీఎల్ (‘మంచి కొలెస్ట్రాల్’) 15 నుంచి 35 శాతం పెరుగుతుంది. గుండె ముప్పు పెంచే లైపోప్రోటీన్(ఎ)ని తగ్గించగల అతి కొద్ది పాత మందుల్లో ఇదొకటి.

రిపోర్టు బాగుపడింది, గుండె బాగుపడలేదు

అమెరికాలో 1966 నుంచి 1975 వరకు నడిచిన కరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్‌లో గుండెపోటు వచ్చిన 8,341 మంది పురుషులు ఉన్నారు. రోజుకు 3 గ్రాముల నియాసిన్ తీసుకున్నవారిలో ప్రాణాపాయం లేని గుండెపోట్లు తగ్గాయి. మరణాల్లో అప్పటికి తేడా లేదు. 1986లో వెలువడిన పదిహేనేళ్ల పరిశీలనలో మరణాలు 11 శాతం తక్కువగా తేలాయి. నియాసిన్ కీర్తి చాలాకాలం ఈ ఒక్క అధ్యయనం మీదే నిలబడింది. ఆ కాలపు రోగులకు స్టాటిన్ లేదు, వారి కొలెస్ట్రాల్ చాలా ఎక్కువ. తగ్గించడానికి బోలెడంత ఉన్నప్పుడు కొంచెం తగ్గించే మందు కూడా పనికొస్తుంది.

స్టాటిన్ల కాలంలో ప్రశ్న మారింది: ఎల్‌డీఎల్ ఇప్పటికే అదుపులో ఉన్న రోగికి నియాసిన్‌తో హెచ్‌డీఎల్ పెంచితే అదనపు లాభం ఉందా? ఎయిమ్-హై అధ్యయనం 3,414 మందిలో దీన్ని పరీక్షించింది. నియాసిన్ వర్గంలో రెండేళ్లకు హెచ్‌డీఎల్ 35 నుంచి 42కి పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు 164 నుంచి 122కి, ఎల్‌డీఎల్ 74 నుంచి 62కి దిగాయి. ఏ డాక్టరైనా సంతోషించే రిపోర్టు. కానీ గుండెపోటు, పక్షవాతం లాంటి ప్రధాన ప్రమాదాలు నియాసిన్ వర్గంలో 16.4 శాతం, పోలిక కోసం ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన వర్గంలో 16.2 శాతం. లాభం వచ్చే ఆశ లేదని 2011లో ముందుగానే ఆపేశారు. ఇందులో ఒక చిక్కుంది. ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో ఒంటి మంటను బట్టి తెలిసిపోకూడదని ఉత్తుత్తి మాత్రల్లో కూడా 50 మిల్లీగ్రాముల చొప్పున నియాసిన్ కలిపారు. ఫలితం రాకపోవడానికి అదే కారణమని నియాసిన్ పక్షం వాళ్లు అన్నారు. అంత చిన్న మోతాదు గుండెను కాపాడిందని నమ్మడం కష్టం.

ఎలాగైనా ఆ వాదనకు హెచ్‌పీఎస్2-త్రైవ్ అనే పెద్ద అధ్యయనం చోటు లేకుండా చేసింది. బ్రిటన్, స్కాండినేవియా, చైనాల నుంచి 25,673 మంది, సగటున దాదాపు నాలుగేళ్లు. రోజుకు 2 గ్రాముల నెమ్మదిగా విడుదలయ్యే నియాసిన్‌తో పాటు ఒంటి మంట తగ్గించే లారోపిప్రాంట్. 2014లో వచ్చిన ఫలితం: ప్రధాన ప్రమాదాలు 13.2 శాతం, ఉత్తుత్తి మాత్ర వర్గంలో 13.7 శాతం. ఆ కాస్త తేడా యాదృచ్ఛికమే కావచ్చు. నష్టాల్లో మాత్రం అనుమానం లేదు. కొత్తగా మధుమేహం 4.3 శాతానికి బదులు 5.7 శాతం మందికి వచ్చింది. అప్పటికే మధుమేహం ఉన్నవాళ్లలో చక్కెర తీవ్రంగా అదుపు తప్పినవారు 7.5కు బదులు 11.1 శాతం. తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, జీర్ణాశయ రక్తస్రావం కూడా పెరిగాయి. ఆ జంట మందును తయారీ సంస్థ 2013 జనవరిలోనే మార్కెట్ నుంచి తప్పించింది. స్టాటిన్‌తో కలిపి నియాసిన్ వాడటానికి ఇచ్చిన అనుమతిని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో వెనక్కి తీసుకుంది.

ఈ అధ్యయనం మీద న్యాయమైన విమర్శలూ ఉన్నాయి. మొదలుపెట్టే నాటికే రోగుల సగటు ఎల్‌డీఎల్ 63. అంతకంటే దిగువకు తోసినా కనిపించే లాభం కొంచెమే. లారోపిప్రాంట్ పాపం ఎంతో విడదీసి చెప్పలేం. అయితే హెచ్‌డీఎల్ పెంచే ఇతర మందులు కూడా ఇదే కాలంలో వరసగా విఫలమయ్యాయి. పుట్టుకతోనే హెచ్‌డీఎల్ ఎక్కువగా ఉండే జన్యు మార్పు ఉన్నవారికి గుండెపోట్లు తగ్గలేదని 2012లో తేలింది. ‘మంచి కొలెస్ట్రాల్’ ఆరోగ్యానికి సూచికే తప్ప, దాన్ని పెంచడం చికిత్స కాదని వీటన్నిటినీ కలిపి చదివితే అర్థమవుతుంది. నియాసిన్ ఓడిపోయిన చోట ఓడింది ఒక్క నియాసినే కాదు.

చక్కెర ఎందుకు పెరుగుతుంది

కొవ్వు ఆమ్లాలు తగ్గితే కండరాలు గ్లూకోజ్‌ను ఎక్కువ వాడుకోవాలి, ఇన్సులిన్ బాగా పనిచేయాలి. కొన్ని గంటల ప్రయోగాల్లో నిజంగానే అలా జరుగుతుంది. రోజులు గడిస్తే కథ తిరగబడుతుంది. 1989లో ఆరోగ్యవంతులకు రెండు వారాలు రోజుకు 2 గ్రాములు ఇచ్చి చూసినప్పుడు ఇన్సులిన్ పనితనం తగ్గింది. క్లోమం ఎక్కువ ఇన్సులిన్ స్రవించి సరిపెట్టింది కాబట్టి రక్తంలో చక్కెర అంతగా కదల్లేదు.

ప్రధానంగా అనుమానించేది ఎదురుపోటు. నికోటినిక్ యాసిడ్ రక్తంలో ఉండేది కొద్దిసేపే. అది పోయాక లైపేజ్ మీద అణచివేత తొలగి, కొవ్వు ఆమ్లాలు మామూలు స్థాయి కంటే పైకి ఎగదన్నుతాయి. మాత్ర వేసిన ప్రతిసారీ ఈ ఎగుడుదిగుడు తప్పదు. పోటెత్తిన కొవ్వు ఆమ్లాలు కండరంలో గ్లూకోజ్ వాడకాన్ని తగ్గిస్తాయి, కాలేయంలో గ్లూకోజ్ తయారీని ఎగదోస్తాయి. క్లోమానికి సత్తువ ఉన్నంతకాలం ఇది బయటపడదు. సత్తువ తగ్గినవాళ్లలో, కొన్ని నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పెరుగుతుంది. మధుమేహం లేని 26,340 మందితో కూడిన 11 అధ్యయనాలను 2016లో కలిపి లెక్కిస్తే, అయిదేళ్లు నియాసిన్ వాడిన ప్రతి 43 మందిలో అదనంగా ఒకరికి మధుమేహం వస్తున్నట్టు తేలింది. గుండెకు లాభం తేలని మందుకు ఇది చాలా ఎక్కువ ధర. పొట్ట చుట్టూ కొవ్వు, ఎక్కువ ట్రైగ్లిజరైడ్లు, తక్కువ హెచ్‌డీఎల్ అన్న కలయిక తెలుగువారిలో చాలా మామూలు. అంకెలు చూస్తే నియాసిన్‌కు సరిగ్గా సరిపోయినట్టు కనిపించే ఈ మనిషే మధుమేహం అంచున ఉండేవాడు కూడా.

యూరిక్ యాసిడ్ కూడా పెరుగుతుంది. మూత్రపిండాల్లో దాని విసర్జనకు నియాసిన్ అడ్డొస్తుంది కాబట్టి, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల జబ్బు) ఉన్నవాళ్లకు నొప్పి తిరగబెట్టవచ్చు.

కాలేయం, కొత్త అనుమానం

కాలేయంలో నికోటినిక్ యాసిడ్‌కు రెండు దారులున్నాయి. గ్లైసిన్‌తో జతకట్టే దారి వెడల్పైనది, ఎంత వచ్చినా పంపేస్తుంది. నికోటినమైడ్‌గా, ఎన్ఏడీగా మార్చే దారి ఇరుకైనది, కానీ ముందు నిండేది అదే. మాత్ర ఒక్కసారిగా కరిగితే ఇరుకు దారి నిండిపోయి మిగతాదంతా గ్లైసిన్ దారిన పోతుంది. మంట ఎక్కువ, కాలేయానికి దెబ్బ తక్కువ. మాత్ర గంటల తరబడి కొద్దికొద్దిగా కరిగితే చాలా భాగం ఇరుకు దారిలోనే నడుస్తుంది. మంట తక్కువ, కాలేయానికి ముప్పు ఎక్కువ. 1994 నాటి ఒక అధ్యయనంలో నెమ్మదిగా కరిగే రకం వాడిన 23 మందిలో 12 మందికి కాలేయం దెబ్బతింది, వెంటనే కరిగే రకం వాడినవారిలో ఒక్కరికీ కాలేదు. మంట భరించలేక ఒక రకం నుంచి ఇంకో రకానికి అదే మోతాదులో మారడం ఎంత ప్రమాదమో ఈ అంకెలు చెబుతాయి.

2024లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ బృందం కొత్త ప్రశ్న లేవనెత్తింది. అదనపు నియాసిన్ విరిగి చివరకు 2పీవై, 4పీవై అనే పదార్థాలుగా మూత్రంలో పోతుంది. రక్తంలో ఇవి అందరికంటే ఎక్కువ ఉన్న పాతిక శాతం మందికి, తక్కువ ఉన్నవారితో పోలిస్తే, గుండె ప్రమాదాలు సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు కనిపించాయి. 4పీవై ఎక్కించిన ఎలుకల రక్తనాళాల గోడల్లో, తెల్లకణాలను పట్టి నిలిపే వీక్యామ్-1 పెరిగింది. నాళాల్లో వాపు మొదలయ్యే తీరు అదే. నియాసిన్ ఎల్‌డీఎల్ తగ్గించినా గుండెకు మేలు ఎందుకు కనబడలేదో దీంతో కొంత వివరించవచ్చు. తొందరపడి పిండిలో కలిపే విటమిన్ గుండెపోటు తెస్తుందని రాసేయడం మాత్రం తగదు. ఈ పదార్థాలు మూత్రపిండాలు మందగించినా పేరుకుంటాయి, ఒంట్లో ఎన్ఏడీ వేగంగా ఖర్చవుతున్నా పెరుగుతాయి. వాటిని చూసి ఎంత తిన్నారో చెప్పలేం.

ఎన్ఏడీ పెంచే మందుల మీద ఆశలు ఇంకోవైపు సాగుతున్నాయి. మైటోకాండ్రియా లోపంతో కండరాల్లో ఎన్ఏడీ తగ్గిన అయిదుగురు రోగులకు ఫిన్లాండ్‌లో నికోటినిక్ యాసిడ్ ఇస్తే కండర బలం మెరుగైంది. ఆసక్తికరమే, కానీ అయిదుగురే. ఎన్ఏడీకి ముడిసరుకైన నికోటినమైడ్ రైబోసైడ్ రోజుకు 2 గ్రాముల చొప్పున 12 వారాలు వాడిన స్థూలకాయుల్లో ఇన్సులిన్ పనితనం మారలేదు. నికోటినమైడ్ టైప్-1 మధుమేహాన్ని ఆపుతుందన్న ఆశ 552 మందితో చేసిన యూరప్ అధ్యయనంలో 2004లోనే ఆవిరైంది. లోపం లేనివాడికి ఎన్ఏడీ పెంచితే ఏదో బాగుపడుతుందన్నది ఇప్పటికి అంగడి మాటే.

సీసా మీద ఏం చూడాలి

మందుల దుకాణంలో దొరికే బీ కాంప్లెక్స్‌లో సాధారణంగా ఉండేది నికోటినమైడ్. దానికి కొలెస్ట్రాల్‌తో పని లేదు, మంటా రాదు. విదేశాల్లో సప్లిమెంట్ అరల్లో 500 మిల్లీగ్రాముల నికోటినిక్ యాసిడ్ డాక్టర్ చీటీ లేకుండా దొరుకుతుంది. మనవాళ్లు వచ్చేటప్పుడు తెచ్చే సీసాల్లో చూడాల్సింది ఇదే. అమెరికాలో సప్లిమెంట్‌గా పెద్దలకు పెట్టిన గరిష్ఠ పరిమితి 35 మిల్లీగ్రాములు, అదీ ఒంటి మంటను ప్రమాణంగా తీసుకుని. ‘మంట రాని నియాసిన్’ పేరుతో అమ్మే ఇనాసిటాల్ హెక్సానికోటినేట్ నుంచి నికోటినిక్ యాసిడ్ పెద్దగా విడుదల కాదు. మంట రానిది అందుకే, కొలెస్ట్రాల్ కదలనిదీ అందుకే.

స్టాటిన్లు, ఇతర మందులు పడని అరుదైన రోగికి నిపుణుడు ఇప్పటికీ నియాసిన్ రాయవచ్చు. అప్పుడు పాటించే క్రమం పాతదే: రాత్రి పడుకునే ముందు 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు వారాలకోసారి 500 పెంచుతూ, 2,000 దాటకుండా. కొవ్వు తక్కువున్న చిరుతిండితో వేసుకోవాలి. ఆ సమయంలో వేడి పానీయం, మద్యం, కారం వద్దు. మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత తొలి ఏడాది ఆరు నుంచి పన్నెండు వారాలకోసారి కాలేయ ఎంజైములు, చక్కెర, యూరిక్ యాసిడ్ చూస్తారు. ఎంజైములు గరిష్ఠ సాధారణ స్థాయికి మూడు రెట్లు దాటినా, వికారంతో ఆకలి చచ్చినా మందు ఆపేస్తారు. కొన్నాళ్లు మానేసినవారు పాత మోతాదుకు నేరుగా వెళ్లకూడదు, మళ్లీ 500 నుంచే.